ఆఫీసు పని అని చెప్పి కొండ మీంచి ఎగురుతున్నాను... ఇప్పుడు ఇంట్లో ఎలా చెప్పను?

హైదరాబాద్ నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఆనవాళ్ళు తీసేసి, కాస్త కుదించి చెబుతున్నాను.

ఆయనకు 36 ఏళ్ళు. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. భార్య టీచరు, ఆరేళ్ళ పాప. అమ్మ కూడా వీళ్ళతోనే ఉంటారు. ఈయన నాలుగో తరగతిలో ఉండగా తండ్రి లారీ ప్రమాదంలో పోయారు. ఆవిడ కుట్టుమిషన్ తొక్కి కొడుకుని ఇంజినీరింగ్ దాకా చదివించారు.

రెండేళ్ళ కిందట పుణె దగ్గర కామ్‌షెట్‌లో పారాగ్లైడింగ్, అంటే తాళ్ళతో కట్టిన గుడ్డ రెక్కతో కొండ మీంచి ఎగరడం, నేర్చుకున్నారు. ఇంట్లో ఆఫీసు ట్రెయినింగ్ అన్నారు. పీ1, పీ2 అనే మొదటి రెండు స్థాయిల కోర్సులు అయ్యాయి. ఆ తర్వాత తొమ్మిదిసార్లు వెళ్ళొచ్చారు, తొమ్మిదిసార్లూ ఇంట్లో ఆఫీసు పనే. కిందటి డిసెంబరులో బోనస్ డబ్బుతో సెకండ్ హ్యాండ్ గ్లైడర్ (ఆ గుడ్డ రెక్క), హార్నెస్ (ఎగిరేటప్పుడు కూర్చునే పట్టీల సీటు), రిజర్వ్ పారాచూట్ (ఆపదలో తెరిచేది) కలిపి లక్షా డెబ్బై వేలకు కొన్నారు. ఆ బ్యాగు మియాపూర్‌లో ఒక స్నేహితుడి గదిలో ఉంది. ఫిబ్రవరిలో ల్యాండింగ్ సరిగ్గా కుదరక కుడి చీలమండ దగ్గర ఎముక చిట్లింది. ఆ కాలితోనే రాత్రంతా బస్సులో కూర్చుని హైదరాబాద్ వచ్చి, బైక్ స్కిడ్ అయిందని చెప్పారు. ఆస్పత్రిలోనూ అదే రాయించారు. ఆరు వారాలు కట్టు. కాలు బాగుపడ్డాక అమ్మగారు చిలుకూరు వెళ్ళి 108 ప్రదక్షిణలు చేసి మొక్కు తీర్చుకున్నారు. భార్య పట్టుబట్టి బైక్ అమ్మించేశారు.

ఇప్పుడు ఆ స్నేహితుడికి పెళ్ళి కుదిరింది. నెలాఖరుకు గది ఖాళీ చేస్తున్నాడు, బ్యాగు తీసుకెళ్ళమంటున్నాడు. ఇంకోవైపు, ఇంటి లోను ఉంది కదా అని కోటి రూపాయల టర్మ్ పాలసీకి వెళితే అప్లికేషన్లో ప్రమాదకరమైన హాబీలు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. ‘లేవు అని పెట్టెయ్యండి సార్, ఎవరు చూస్తారు’ అంటున్నాడు ఏజెంటు.

“గ్లైడర్ గుట్టుగా అమ్మేసి అంతా మర్చిపోవాలా, ఇంట్లో చెప్పాలా? చెబితే అమ్మ తట్టుకోలేదు. నా భార్య నన్ను మళ్ళీ నమ్ముతుందా? గాల్లో ఉన్న ఆ ఇరవై నిమిషాలే పూర్తిగా నావి అనిపిస్తుంది మేడమ్. అవి వదులుకోగలనో లేదో నాకే తెలియడం లేదు” అని రాశారు.

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివినప్పుడు ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. కాలు చిట్లిన రోజు గురించి మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన వాక్యం అది. “ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది, సీనియర్లు ఇద్దరు గ్లైడర్లు మడిచేశారు. కానీ రాత్రికి బస్సు, మళ్ళీ ఎప్పుడు రావడం కుదురుతుందో తెలియదు, అందుకే టేకాఫ్ తీసుకున్నాను.”

నేను పదకొండేళ్ళు ఎగిరాను. మోకాలు మొరాయించాక మానేశాను. అందుకే ఈ వాక్యం నాకు బాగా అర్థమైంది. కొండ మీద గాలి మనకోసం ఆగదు. ఎగిరేవాళ్ళు ఎక్కువసేపు చేసే పని ఎగరడం కూడా కాదు, కూర్చోవడం. హిమాచల్‌లోని బిల్లింగ్‌లో, 2,400 మీటర్ల ఎత్తున, బ్యాగు విప్పకుండా మూడు రోజులు టీ తాగుతూ కూర్చున్న సందర్భం నాకుంది. నాలుగో రోజు ఎగిరాను. అలా కూర్చోగలగాలంటే వెనక ఏ ఒత్తిడీ ఉండకూడదు. మీకేమో ఆదివారం రాత్రి బస్సు, సోమవారం ఆఫీసు, ఇంట్లో చెప్పిన అబద్ధానికి ఒక గడువు. 600 కిలోమీటర్లు వచ్చి, దొంగతనంగా సంపాదించుకున్న రెండు రోజుల్లో ఎగరకుండా వెనక్కి పోవడానికి మనసొప్పుకోదు. అందుకని, మిగతావాళ్ళు మడిచేసిన గాలిలో మీరు పరిచారు.

మీ కాలు విరగడానికి గాలి ఎంత కారణమో ఈ దాపరికం కూడా అంతే కారణమని నా నమ్మకం. మీరు ఇంట్లో చెప్పాలా వద్దా అనేది నీతికి సంబంధించిన ప్రశ్నగా చూస్తున్నారు. నేను ముందు దాన్ని మీ ప్రాణానికి సంబంధించిన ప్రశ్నగా చూస్తున్నాను. దాచి ఎగిరే మనిషి తొందరపడి ఎగురుతాడు. దెబ్బ తగిలితే దగ్గరున్న ఆస్పత్రికి వెళ్ళకుండా, చిట్లిన కాలు ఎదుటి సీటు కిందకి చాపుకుని పన్నెండు గంటలు బస్సులో వస్తాడు. మీరు వచ్చారు కదా.

ఇంకొకటి కూడా మీరే రాశారు. క్లబ్ ఫారంలో అత్యవసరమైతే ఫోన్ చెయ్యాల్సిన నంబరు దగ్గర మియాపూర్ స్నేహితుడి నంబరు ఇచ్చారట. అంటే మీరు ఏ కొండ మీద ఉన్నారో మీ భార్యకు తెలియదు, మీకేమైనా అయితే అక్కడివాళ్ళకు మీ భార్య ఎవరో తెలియదు.

మా ఆయన ఒక్కసారి కూడా ఎగరలేదు. రెండో అంతస్తు బాల్కనీలో నిలబడితేనే ఆయనకు కళ్ళు తిరుగుతాయి. కానీ నాతో వచ్చి ల్యాండింగ్ గ్రౌండ్ గట్టు మీద ఫ్లాస్కు పెట్టుకుని కూర్చునేవారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, కాళ్ళు నేలకు ఆనగానే, గ్లైడర్ మడవకముందే ఫోన్ చెయ్యాలి. ఒకసారి ఎత్తు చాలక గ్రౌండ్ దాకా రాలేక, రెండు పొలాల అవతల తుమ్మచెట్టు పక్కన దిగాను. తాళ్ళు ముళ్ళకు చిక్కుకున్నాయి, ఫోన్‌కు సిగ్నల్ లేదు. నలభై నిమిషాల్లో ఆయన జీపు డ్రైవరును వెంటబెట్టుకుని వచ్చేశారు. నేను ఎటు తిరిగానో, ఎక్కడ కనిపించకుండా పోయానో కింద నుంచి చూస్తూనే ఉన్నారు కాబట్టి రాగలిగారు. ఆ రోజు నాకేమీ కాలేదు. అయ్యుంటే ఆ నలభై నిమిషాలే నన్ను బతికించేవి.

ఇక మీ ముందున్న దారులు చూద్దాం.

గుట్టుగా అమ్మేయడం మొదటిది. బయటికి చాలా తేలిక. డబ్బు కొంత వెనక్కి వస్తుంది, స్నేహితుడి గది ఖాళీ అవుతుంది. కానీ మీరు అమ్ముతున్నది సోఫా కాదు. ఫిబ్రవరిలో అది మీతోపాటు గట్టిగా నేలకు తగిలింది. కొనేవాడికి ఆ సంగతి చెప్పకుండా అమ్మడం తప్పు. హార్నెస్ వెనక రక్షణగా ఉండే ఫోమ్ లోపల చీలినా బయటికి కనిపించదు. చెప్పి అమ్మితే ధర తగ్గుతుంది, తగ్గనివ్వండి. ఇంటి విషయానికొస్తే, అమ్మేసినా అబద్ధం అలాగే ఉంటుంది. అది ఆ స్నేహితుడికి తెలుసు, కామ్‌షెట్‌లో పదిమందికి తెలుసు, ఎవరి ఫోన్లోనో మీ ఫొటో ఉంటుంది. మీ భార్యకు అది వేరే దారిలో తెలిస్తే, తొమ్మిది ఆఫీసు ట్రిప్పులు అబద్ధమని ముందు తెలుస్తుంది, గ్లైడర్ సంగతి తర్వాత తెలుస్తుంది. ఆ రెంటికీ మధ్య ఆవిడ మనసులో ఏ అనుమానం వస్తుందో మీరు ఊహించగలరు. దానికంటే మీ నోటితో తెలియడం వెయ్యి రెట్లు నయం.

అలాగని అమ్మడం తప్పని నేననడం లేదు. బాగా ఆలోచించి మానేసినవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళెవరూ పిరికివాళ్ళు కారు. అయితే భయపడి, దాచిపెట్టి మానేస్తే ఆ కోరిక చావదు. రెండేళ్ళకు మళ్ళీ ఇంకో ‘ఆఫీసు ట్రెయినింగ్’ వస్తుంది.

రెండో దారి, బ్యాగు ఇంకో స్నేహితుడి గదికి మార్చి ఇప్పటిలాగే సాగించడం. మీరు దీన్ని అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది, బ్యాగు పెట్టడానికి గది వెతుకుతున్నానని చివర్లో ఒక మాట జారారు. ఇది మాత్రం వద్దు. ఇందాక చెప్పిన కారణాలే చాలు.

మూడోది చెప్పడం. చెప్పమనే నేనంటాను. ఎలా చెప్పాలన్నది మాత్రం జాగ్రత్తగా ఆలోచించుకోవాలి.

మీ దగ్గర రెండు విషయాలున్నాయి. ఒకటి, మీరు అబద్ధం చెప్పారు. రెండు, మీకు ఎగరాలని ఉంది. ఈ రెండూ ఒకే రోజు, ఒకే మాటలో చెప్పకండి. ‘సారీ, కానీ నన్ను ఎగరనివ్వు’ అంటే ఆ సారీ లంచంలా వినిపిస్తుంది. మొదటి రోజు అబద్ధం ఒక్కటే చెప్పండి. పాప పడుకున్నాక, లేదా ఆవిడకు మర్నాడు స్కూలు లేని రోజు చూసి. ట్రెయినింగ్ అన్నది ఏమిటో, ఎన్నిసార్లు వెళ్ళారో, ఎంత ఖర్చయిందో, కాలు ఎలా విరిగిందో అంతా చెప్పండి. ముఖ్యంగా బైక్ గురించి చెప్పండి. ఆవిడ తన భయంకొద్దీ బైక్ అమ్మించారు. ఏ పాపమూ ఎరగని బండి మీద నింద వేసి, ఆవిడ భయాన్ని తప్పు దారి పట్టించారు మీరు. ఆవిడకు అన్నిటికంటే ఎక్కువ నొప్పి కలిగేది అక్కడేనని నాకనిపిస్తోంది. అది మీరుగా పేరు పెట్టి చెప్పాలి, ఆవిడ తవ్వి తీసేదాకా ఆగకూడదు.

ఆ తర్వాత ఆవిడ ఏమన్నా వినండి. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. పుట్టింటికి వెళ్తాననవచ్చు. ‘డబ్బుకంటే, ఎముకకంటే, నేను ఆఫీసుకు టిఫిన్ కట్టి పంపాను చూడు, అది గుర్తొస్తే ఏడుపొస్తోంది’ అనవచ్చు. సర్దిచెప్పకండి. ఎగరడం ఎంత బాగుంటుందో ఆ వారం అస్సలు ఎత్తకండి.

అమ్మగారి విషయం వేరు. ఆవిడకు రోడ్డు మీద జరిగిన ప్రమాదం ఏం చేస్తుందో తెలుసు. ఒకసారి ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్ళ భయానికి లెక్కలు చెప్పి ఒప్పించలేం. ముందు భార్యకు చెప్పి, అమ్మకు ఎప్పుడు, ఎలా అన్నది ఇద్దరూ కలిసి అనుకోండి. కానీ ఒక మాట. భార్యకు చెప్పి అమ్మ దగ్గర దాచినన్నాళ్ళూ మీరు ఆ బరువు కోడలి మీద పెడుతున్నట్టు. అత్తగారి ముందు ఆవిడ రోజూ నటించాలి. అది నెలలకు నెలలు సాగనివ్వకండి. ‘ఫలానా పండగలోపు నేనే చెబుతాను’ అని గడువు పెట్టుకుని, మీరే చెప్పండి, ఆవిడతో చెప్పించకండి. అమ్మ తట్టుకోలేదన్నారు. ముప్పై ఏళ్ళకు అటూ ఇటూగా వయసున్న మనిషి, చిన్న పిల్లాడిని పక్కన పెట్టుకుని, మిషన్ తొక్కి ఇల్లు నడిపింది. ఆవిడ ఏం తట్టుకోగలదో మీకంటే ఆవిడకే బాగా తెలుసు.

పాలసీ విషయంలో ఏజెంటు మాట వినకండి. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీ ఇచ్చిన మూడేళ్ళలోపు, ముఖ్యమైన విషయం దాచారని తేలితే కంపెనీ క్లెయిం తిరస్కరించవచ్చు. అంటే మీ భార్య, పాప కోసమని కడుతున్న కోటి రూపాయల కాగితం, వాళ్ళకు అవసరమైన రోజున చెల్లకుండా పోవచ్చు. మూడేళ్ళు దాటితే చాలు కదా అని లెక్కలు వేసుకోకండి, ఆ మూడేళ్ళూ ఎగిరేది మీరే. ఉన్నదున్నట్టు రాయండి. కంపెనీ ప్రీమియం పెంచవచ్చు, ఎగురుతూ జరిగిన ప్రమాదానికి కవరేజీ లేదనవచ్చు, కొన్ని అసలు ఇవ్వమనవచ్చు. మూడు చోట్ల అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. హెల్త్ పాలసీల్లో ఉండే మామూలు మినహాయింపు సాహస క్రీడలను వృత్తిగా చేసేవాళ్ళ గురించి. సరదాగా ఎగిరేవాళ్ళ సంగతి మీ కంపెనీ పాలసీలో ఏముందో చదవండి. ఆస్పత్రిలో బైక్ అని చెప్పాల్సిన అవసరమే ఉండకపోయి ఉండవచ్చు. యాక్సిడెంట్ పాలసీలు, పాలసీకి అదనంగా కలిపే యాక్సిడెంట్ రైడర్లు మాత్రం చాలావరకు సాహస క్రీడలను మినహాయిస్తాయి.

ఇక మీ గ్లైడర్. అమ్మినా ఉంచుకున్నా ఈ పని ముందు చెయ్యాలి.

మీ బరువు 82 కిలోలనీ, వింగ్ (అంటే గ్లైడర్ గుడ్డ రెక్క) మీద 75–95 అని ఉంది కాబట్టి సరిపోయిందనీ రాశారు. ఆ అంకె మీ ఒంటి బరువుది కాదు. మీరు, వింగ్, హార్నెస్, రిజర్వ్, హెల్మెట్, బూట్లు, నీళ్ళ సీసా, అంతా కలిపి గాల్లోకి లేచే మొత్తం బరువుది. 82కి వింగ్ ఐదు కిలోలు, రిజర్వ్‌తో కలిపి హార్నెస్ ఆరేడు, మిగతావి మూడు నాలుగు కలపండి. 95 దాటిపోయారు. పరీక్షించి ఈఎన్-బి (యూరప్ భద్రతా ప్రమాణంలో ఒక తరగతి) అని ముద్ర వేసినది ఆ రెండంకెల మధ్య బరువుకే. దాటితే వింగ్ వేగంగా పోతుంది, ముడుచుకుంటే ఇంకా దురుసుగా కదులుతుంది, నేలకు దిగేటప్పుడూ వేగంగానే దిగుతుంది. మీ చీలమండకు ఇందులోనూ కొంత వాటా ఉందేమో. అమ్మినవాడు చెప్పలేదు సరే. కొనేటప్పుడు మీ ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన పెట్టుకుని ఉంటే ఒక్క నిమిషంలో చెప్పేవారు. గుట్టుగా, హడావిడిగా కొన్నారు కాబట్టి అడగలేదు.

రిజర్వ్ ఎప్పుడు మడిచారో తెలియదన్నారు. నా మొదటి సెకండ్ హ్యాండ్ రిజర్వ్ కథ చెబుతాను. పధ్నాలుగుసార్లు దాన్ని నడుముకు కట్టుకుని ఎగిరాక, ఒక వానాకాలం ఇన్‌స్ట్రక్టర్ ఇంటి వరండాలో విప్పాం. హ్యాండిల్ పట్టి లాగితే రాలేదు. వెల్క్రో ఏళ్ళ తరబడి అంటుకుని బిగిసిపోయింది. రెండు చేతులతో లాగితే ఊడింది. లోపల తాళ్ళను పట్టి ఉంచే రబ్బరు బ్యాండ్లు కరిగి, బంకలా గుడ్డకు అతుక్కున్నాయి. కార్డు మీద తేదీ చూస్తే అయిదేళ్ళ కిందటిది. ఆ పధ్నాలుగుసార్లూ నా దగ్గర రిజర్వ్ లేనట్టే. ఆరు నెలలకో, కనీసం ఏడాదికో విప్పి, గాలికి ఆరబెట్టి మళ్ళీ మడవాలి. వింగ్‌కు కూడా ఏటా, లేదా కంపెనీ చెప్పిన గంటలకు ఒకసారి చెకింగ్ ఉండాలి. గుడ్డలోంచి గాలి ఎంత కారుతోంది, తాళ్ళ బలం ఎంత మిగిలింది, వాటి పొడవు మారిందా అని యంత్రం మీద చూస్తారు. కంటికి కొత్తగా కనిపించే గుడ్డ కూడా ఎండకు పస చచ్చి ఉండవచ్చు. బండికి పొల్యూషన్ చెక్ చేసినట్టు దీన్ని దారిలో ఎవరూ ఆపి చూడరు. మీరే చూపించుకోవాలి.

భార్యతో రెండో మాట, అంటే ఎగరడం గురించిన మాట, ఇవన్నీ అయ్యాకే. ఆవిడ వద్దే వద్దు అంటే? అప్పుడు మీరు తేల్చుకోవాలి. పాప పెద్దయ్యేదాకా మానెయ్యమని అడిగే హక్కు ఆవిడకుందని నేననుకుంటాను. మీరు బాధపడే హక్కు మీకుంది. ఆ బాధ ఆవిడకు కనిపించేలా పడండి, కోపంగా మార్చకండి. ఆ ఇరవై నిమిషాలే నావి అన్నారు చూడండి, మిగతా రోజంతా ఎవరిది అయిపోయిందన్న సంగతి కూడా మీ ఇద్దరూ మాట్లాడుకోవాల్సిందే. గ్లైడర్ ఉన్నా లేకపోయినా అది మాట్లాడుకోవాలి.

ఆవిడ ‘చూద్దాం’ అంటే, మధ్యలో ఒక మెట్టుంది. ఊరి బయట కరెంటు తీగలూ చెట్లూ లేని మైదానంలో, పొద్దున్నే గాలి గంటకు 10, 12 కిలోమీటర్లు ఉన్నప్పుడు గ్రౌండ్ హ్యాండ్లింగ్ చెయ్యండి. కాళ్ళు నేల మీదే ఉంటాయి, గ్లైడర్ తల మీద నిలబడుతుంది. హెల్మెట్ మాత్రం పెట్టుకోండి. ఆవిడనూ పాపనూ తీసుకెళ్ళండి. ఆ గుడ్డ గాలి నింపుకుని లేచి, పక్కకు వాలితే మీరు రెండడుగులు వేసి కిందికి వెళ్ళి సరిచెయ్యడం ఆవిడ కళ్ళారా చూస్తారు. టీవీలో వార్త చూసి ఊహించుకున్న దానికీ దీనికీ తేడా తెలుస్తుంది. చూశాక కూడా వద్దనవచ్చు, అయినా అప్పుడు దేన్ని వద్దంటున్నారో ఆవిడకు తెలిసి ఉంటుంది. మీకూ మేలే. మీకున్న నలభై ఫ్లైట్ల అనుభవానికి గాల్లో కంటే నేల మీద నేర్చుకోవాల్సింది ఎక్కువ.

మళ్ళీ కొండెక్కే రోజు వస్తే కొన్ని షరతులు మీరే రాసి ఆవిడ చేతికివ్వండి. బరువుకు సరిపోయే వింగ్ దొరికేదాకా ఎగరను. ఒంటరిగా ఎగరను. మిట్టమధ్యాహ్నం థర్మల్స్‌లోకి (ఎండకు వేడెక్కి పైకి లేచే గాలిలోకి) పోను, పొద్దునా సాయంత్రమే. నాకంటే సీనియర్ మడిచేస్తే నేనూ మడిచేస్తాను. ఆదివారం రాత్రి బస్సు ఎక్కను, సోమవారం సెలవు పెట్టి వెళ్తాను. ఫారంలో నీ నంబరు రాస్తాను. దిగగానే ఫోన్ చేస్తాను.

నెలాఖరుకు ఎన్నో రోజులు లేవు. ఈ వారంలోనే మాట్లాడండి. మాట్లాడాక బ్యాగు ఇంటికి తెచ్చుకోవచ్చని ఆవిడ అంటే, ఎక్కడ పెట్టాలో కూడా ఆవిడనే అడగండి. బాల్కనీ మాత్రం పనికిరాదని చెప్పండి. దానికి ఎండ తగలకూడదు, చెమ్మ ఉండకూడదు.